నీటి నాణ్యతకు సూక్ష్మజీవుల సాక్ష్యం
నంది కొండ నుండి సరిహద్దు పల్లెల వరకు యాత్రాస్థలాల నీటిని పరీక్షించే విధానం

చిక్కబళ్ళాపుర జిల్లా నదులకు పుట్టినిల్లు. ఉత్తర పినాకిని అయిన పెన్న, దక్షిణ పినాకిని, పాలారు, చిత్రావతి, పాపాఘ్ని, అర్కావతి నదుల జన్మస్థానాలుగా నంది కొండలు, వాటి పరిసరాలు ప్రసిద్ధి చెందాయి. వీటిలో చిత్రావతి బాగేపల్లి మీదుగా, పెన్న గౌరిబిదనూరు మీదుగా ఆంధ్రప్రదేశ్‌లోకి ప్రవేశిస్తాయి. నేడు ఈ నదులలో ఏడాది పొడుగునా ప్రవాహం లేదు. వాన కురిసినప్పుడు పారే నీరే చెరువులను, కుంటలను నింపి, భూమిలోకి ఇంకి బోరుబావులకు ఆధారమవుతున్నది.

ఇదే జిల్లా యాత్రికులకు, విహారయాత్రికులకు కూడా ఆకర్షణ. సముద్రమట్టానికి 1478 మీటర్ల ఎత్తున ఉన్న నంది కొండ, దాని దిగువన భోగనందీశ్వరాలయం, చిక్కబళ్ళాపుర సమీపంలోని శ్రీనివాససాగరం, 2023 జనవరిలో ఆవిష్కరించిన ఆదియోగి విగ్రహం, చింతామణి తాలూకాలోని కైవారం, కైలాసగిరి, బాగేపల్లి దగ్గరి గడిదం వేంకటరమణస్వామి ఆలయం, గుమ్మనాయకనపాళ్యం కోట మొదలైన చోట్లకు జనం వస్తూ ఉంటారు. వచ్చినవారు సాయంత్రానికి తిరిగి వెళతారు. వారు వదలిన మలినం మాత్రం ఇక్కడే ఉండిపోతుంది. వాన పడినప్పుడు అది నీటితో కలసి పల్లంలో ఉన్న పల్లెల వైపు ప్రయాణిస్తుంది. ఆ నీటిలో ఏమి కలసినదో కంటికి కనబడదు. దానిని తెలిపేవి కొన్ని సూక్ష్మజీవులు. వాటినే సూచక బ్యాక్టీరియా అంటారు.

సూచక జీవి అనగానేమి?

కలరా, టైఫాయిడ్, రక్తవిరేచనాలు, కామెర్లలో కొన్ని రకాలు నీటి ద్వారా వ్యాపిస్తాయి. ఈ రోగకారక క్రిములు నీటిలోకి వచ్చే ప్రధాన మార్గం మలం. అయితే ప్రతి రోగక్రిమిని విడివిడిగా వెదకడం ఆచరణలో సాధ్యం కాదు. అవి అనేక రకాలు, నీటిలో వాటి సంఖ్య తక్కువ, పరీక్షలకు ఖర్చు, కాలం ఎక్కువ. అందువలన శాస్త్రజ్ఞులు వేరొక దారిని ఎన్నుకున్నారు. మనుషుల ప్రేగులలోను, ఇతర ఉష్ణరక్త జీవుల ప్రేగులలోను ఎల్లప్పుడు కోట్ల సంఖ్యలో నివసించే సాధారణ బ్యాక్టీరియా నీటిలో ఉన్నదా అని చూస్తారు. అది కనబడితే ఆ నీటిలో మలం కలసినదని అర్థం. మలం కలసిన చోట రోగక్రిములు కూడా ఉండే అవకాశమున్నది.

సూచక బ్యాక్టీరియా చాలావరకు నిరపాయకరమైనది. అది నేరస్థుడు కాదు, నేరం జరిగిన చోట కనబడిన సాక్షి వంటిది. ఈ భేదం గ్రహించకపోతే పరీక్షా ఫలితాన్ని రెండు విధాలుగా అపార్థం చేసుకునే ప్రమాదమున్నది. "బ్యాక్టీరియా ఉన్నది" అనగానే ఊరంతా జబ్బు పడుతుందని భయపడడం ఒకటి. "ఇన్నాళ్ళూ తాగుతూనే ఉన్నాము కదా, ఏమైంది?" అని ఉపేక్షించడం రెండవది. రెండూ సరికావు.

ఎంత స్వల్ప మలినం ఎంత నీటిని పాడుచేస్తుందో ఒక చిన్న లెక్క తెలుపుతుంది. ఒక గ్రాము మలంలో కోటి సూచక బ్యాక్టీరియా ఉన్నాయని అనుకుందాము. అది 10,000 లీటర్ల ట్యాంకులో కలసి సమంగా వ్యాపిస్తే, ప్రతి 100 మిల్లీలీటర్ల నీటిలో, అనగా అరగ్లాసు నీటిలో, 100 బ్యాక్టీరియా ఉంటాయి. ఆ నీటికి రంగు మారదు, వాసన రాదు, రుచి తేడా ఉండదు.

చరిత్రలో రెండు సంవత్సరాలు

ఈ శాస్త్రానికి మన దేశంతో సంబంధమున్నది. జర్మనీ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోఖ్ కలరా మీద పరిశోధన నిమిత్తం కలకత్తా వచ్చి, 1884లో కలరా ప్రబలిన ఒక ప్రాంతపు చెరువు నీటిలో ఆ వ్యాధి క్రిములను గుర్తించారు. ఆ చెరువు నీటినే జనం తాగడానికి, స్నానానికి, బట్టలు ఉతకడానికి వాడేవారు. మరుసటి సంవత్సరం, 1885లో, థియొడోర్ ఎషెరిక్ అనే వైద్యుడు శిశువుల మలంలో ఉండే ఒక బ్యాక్టీరియాను వర్ణించారు. ఆయన పేరు మీదుగానే దానిని నేడు ఎషెరీషియా కోలై, సంక్షిప్తంగా ఇ.కోలై అంటున్నారు. తరువాతి దశాబ్దంలోనే దీనిని నీటి కాలుష్యానికి సూచికగా వాడవచ్చునన్న ఆలోచన మొదలైనది.

నాలుగు పేర్లు, నాలుగు అర్థాలు

నీటి పరీక్షా నివేదికలలో సాధారణంగా నాలుగు పేర్లు కనబడతాయి.

మొత్తం కోలిఫాం: ఇది ఒక పెద్ద సమూహం. వీటిలో కొన్ని మట్టిలోను, ఆకులమీద కూడా ఉంటాయి. కాబట్టి ఇవి చెరువులోనో, ఊటలోనో కనబడినంత మాత్రాన మలం కలసినదని నిర్ధారణ కాదు. కాని క్లోరిన్ కలిపిన కొళాయి నీటిలో కనబడితే శుద్ధిలోనో, పైపులలోనో లోపమున్నదని అర్థం.

మల కోలిఫాం: సుమారు 44.5 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కూడా పెరగగల కోలిఫాంలు. ఇవి మలంతో మరింత దగ్గర సంబంధం కలవి.

ఇ.కోలై: మలం కలసినదనడానికి వీటిలో అత్యంత నమ్మదగిన సాక్షి. దీనిలో కొన్ని ఉపజాతులు స్వయంగా రోగకారకాలు కూడా.

ఎంటరోకాకై: పాత నివేదికలలో మల స్ట్రెప్టోకాకై అని ఉంటుంది. ఇవి నీటిలో ఇ.కోలై కంటె ఎక్కువకాలం బ్రతకగలవు. అందుచేత స్నానఘట్టాల పరీక్షలో వీటికి ప్రాధాన్యమున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ప్రకటించిన స్నానజలాల మార్గదర్శకాలు వీటి మీదనే ఆధారపడ్డాయి.

పరీక్ష ఎట్లు చేస్తారు?

ప్రయోగశాలలో ముఖ్యంగా రెండు పద్ధతులు కలవు. మొదటిది అనేక గొట్టాల పద్ధతి. పోషక ద్రావణమున్న గాజు గొట్టాలలో నీటిని వేరువేరు పరిమాణాలలో కలిపి, నిర్ణీత వేడిలో ఉంచుతారు. బ్యాక్టీరియా పెరిగిన గొట్టాలలో వాయువు ఏర్పడుతుంది. ఎన్ని గొట్టాలలో వాయువు వచ్చినదో చూచి, పట్టిక సహాయంతో బ్యాక్టీరియా సంఖ్యను అంచనా వేస్తారు. దీనినే అత్యధిక సంభావ్య సంఖ్య, అనగా ఎం.పి.ఎన్. అని వ్రాస్తారు. రెండవది వడపోత పొర పద్ధతి. అతి సూక్ష్మ రంధ్రాలున్న పొర ద్వారా 100 మిల్లీలీటర్ల నీటిని వడగట్టి, ఆ పొరను పోషక పదార్థం మీద ఉంచి, మరునాడు ఏర్పడిన చుక్కలను లెక్కిస్తారు. ఈ లెక్కను సి.ఎఫ్.యు. అంటారు.

గ్రామస్థాయిలో వాడేది హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా. దీనిని 1982లో మన దేశపు శాస్త్రజ్ఞులే ప్రచురించారు. మందు పూసిన కాగితమున్న సీసాలో నీరు నింపి మూతపెట్టి, వెచ్చని చోట 24 నుండి 48 గంటలు ఉంచుతారు. నీరు నల్లబడితే కాలుష్యం ఉన్నదని అనుమానించవలెను. నల్లబడిన నీటిని ప్రయోగశాలకు పంపి నిర్ధారించుకోవలెను. నల్లబడకపోయినంత మాత్రాన నీరు పూర్తిగా సురక్షితమని హామీ లేదు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ మిషన్‌లో ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు క్షేత్రస్థాయి నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలని నిర్దేశించారు. కర్ణాటకలో ఈ పథకాన్ని "మనె మనెగె గంగె" అంటారు.

నమూనా తీయడంలో పొరపాటు జరిగితే పరీక్ష వృథా. సీసా క్రిమిరహితమైనదిగా ఉండవలెను. కొళాయిని రెండు మూడు నిమిషాలు వదలిన తరువాత, మూత లోపలి భాగాన్ని వేలితో తాకకుండా నీరు పట్టవలెను. నీటిలో క్లోరిన్ ఉంటే దానిని అణచే మందు వేసిన సీసాను ప్రయోగశాలవారే ఇస్తారు. నమూనాను మంచుపెట్టెలో ఉంచి, వీలైతే 6 గంటలలో, ఎట్టి పరిస్థితిలోను 24 గంటలకు మించకుండా చేర్చవలెను.

తాగే నీటికి ఒక కొలత, స్నానానికి మరొక కొలత

భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ఐ.ఎస్. 10500 ప్రమాణం ప్రకారం తాగే నీటిలో, ఏ 100 మిల్లీలీటర్ల నమూనాలోనైనా, ఇ.కోలై కనబడరాదు. ఇందులో మినహాయింపు లేదు.

స్నానపు నీటికి అంత కఠినత సాధ్యం కాదు. బయట స్నానం చేసే జలాలలో 100 మిల్లీలీటర్లకు మల కోలిఫాం 500 లోపు ఉండడం వాంఛనీయమని, 2500 గరిష్ఠ పరిమితి అని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. మల స్ట్రెప్టోకాకైకి ఆ అంకెలు 100, 500. అమెరికాలో స్నానజలాలకు ఇ.కోలై సగటు 126 దాటరాదన్నది 1986 నుండి ఉన్న కొలత. కాబట్టి "స్నానానికి యోగ్యం" అన్న నీరు తాగడానికి యోగ్యమని ఎన్నటికీ కాదు. పుష్కరిణిలో మునిగి, అదే నీటిని తీర్థంగా పుచ్చుకొనే మన అలవాటుకు ఈ భేదం చాల ముఖ్యం.

జనం, వాన, ఎండ

యాత్రాస్థలాలలో నీటి నాణ్యత రోజు రోజుకు మారుతుంది. మంగళవారం నాడు తీసిన నమూనా ఆదివారం నాటి స్థితిని తెలుపదు. నందిలో మహాశివరాత్రి రథోత్సవం, కైవారంలో తాతయ్యగారి గురుపూర్ణిమ వంటి రోజులలో మరుగుదొడ్ల మీద, నీటి ట్యాంకుల మీద పడే భారం మామూలు రోజులకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. మరుగుదొడ్లు చాలనప్పుడు జనం బండల చాటుకు, వంకల ఒడ్డుకు పోతారు.

దానికి తోడు మొదటి పెద్ద వాన. ఎండాకాలమంతా నేల మీద పేరుకొన్న మలినం ఒక్కసారిగా కొట్టుకొనివచ్చి చెరువులలో చేరుతుంది. ఆ రెండు మూడు రోజులు బ్యాక్టీరియా సంఖ్య బాగా పెరుగుతుంది. జనం శ్రీనివాససాగరం వంటి చోట్ల కట్ట మీద నుండి జారే నీటిలో ఆడుకోవడానికి వచ్చేదీ వానలు పడినప్పుడే. ఇందుకు భిన్నంగా తేట నీటిలో ఎండ పడితే బ్యాక్టీరియా త్వరగా నశిస్తుంది. కనుక పొద్దున తీసిన నమూనాకు, మధ్యాహ్నం తీసిన నమూనాకు కూడా తేడా వస్తుంది.

ఒకే నమూనాను నమ్మి తీర్పు చెప్పరాదనడానికి 2025 ప్రయాగ కుంభమేళా ఉదాహరణ. పలు సందర్భాలలో అక్కడి నీటిలో మల కోలిఫాం స్నాన ప్రమాణానికి మించినదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ ఫిబ్రవరిలో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు నివేదించినది. తరువాత సమర్పించిన మరొక నివేదికలో, అనేక నమూనాలను గణాంక పద్ధతిలో చూస్తే నీరు స్నానానికి తగినదేనని పేర్కొన్నది. సగటు లెక్కకు విలువ ఉన్నది. కాని సగటు బాగున్నంత మాత్రాన చెడ్డ రోజున మునిగినవారికి రక్షణ లేదు. అందుచేత రద్దీ రోజు, వాన పడిన మరునాడు, మామూలు రోజు అనే మూడు సందర్భాలలోను నమూనాలు తీస్తేనే ఒక స్థలం సంగతి తెలుస్తుంది.

కొండ దిగిన నీరు

బాగేపల్లి, గుడిబండ పట్టణాలకు తాగునీరు పరగోడు దగ్గర చిత్రావతి మీద కట్టిన ఆనకట్ట నుండి వస్తుంది. చిక్కబళ్ళాపురానికి జక్కలమడుగు జలాశయం ఆధారం. పట్టణాలలో నీటిని శుద్ధి చేసి సరఫరా చేస్తారు. పల్లెలలో అనేకచోట్ల బోరు నీరు నేరుగా ఓవర్‌హెడ్ ట్యాంకుకు, మినీ ట్యాంకుకు, అక్కడనుండి నల్లికి వస్తుంది. "బోరు నీరు లోతునుండి వస్తుంది, దానికి మలినం అంటదు" అన్న నమ్మకం ఇక్కడ బలంగా ఉన్నది. అది పూర్తిగా నిజం కాదు. ఈ ప్రాంతం గట్టి రాతి నేల. రాతిలో నీరు పగుళ్ళగుండా పారుతుంది. మట్టి నీటిని వడగట్టినట్లు పగులు వడగట్టదు. మరుగుదొడ్డి గుంతకు, బోరుకు కనీసం 15 మీటర్ల దూరముండాలన్న సూత్రం అవసరమే. కాని పగుళ్ళున్న రాతిలో అది ఒక్కటే చాలదు. బోరు కేసింగు చుట్టూ సిమెంటు దిమ్మె లేకపోతే వాననీరు అక్కడినుండే లోపలికి దిగుతుంది.

కెనడాలోని వాకర్టన్ అనే చిన్న ఊరిలో 2000 సంవత్సరం మేలో ఇటువంటిదే జరిగినది. ఐదువేల మంది జనాభా గల ఆ వ్యవసాయపు ఊరిలో భారీ వానలకు పశువుల ఎరువు ఒక బావిలోకి చేరినది. ఆ నీటిలో క్లోరిన్ చాలలేదు. ఇ.కోలైలోని ప్రమాదకరమైన రకం వలన 7 మంది మరణించారు, 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. అన్నిటికంటె విచారకరమైన విషయం ఒకటున్నది. నీటిలో బ్యాక్టీరియా ఉన్నదని ప్రయోగశాల మే 17నే తెలియజేసినది. నీటి సరఫరా నిర్వాహకులు దానిని బయటపెట్టలేదు. ఆరోగ్యశాఖ తనంతట తాను మే 21న నీరు కాచి తాగమని ప్రకటించవలసివచ్చినది. సాక్షి సకాలంలోనే చెప్పినది, వినవలసినవారికి ఆ మాట చేరలేదు.

మన జిల్లాలకు సంబంధించిన మరొక అంశమున్నది. బెంగళూరు మురుగునీటిని రెండవ దశ వరకు శుద్ధిచేసి, చెరువులు నింపే పథకాలు నడుస్తున్నాయి. 2018లో మొదలైన కోరమంగల–చల్లఘట్ట పథకం కోలారు జిల్లాకు, చింతామణి తాలూకాకు, తరువాత వచ్చిన హెబ్బాళ–నాగవార పథకం చిక్కబళ్ళాపుర ప్రాంతానికి ఉద్దేశించినవి. భూగర్భజలం పెంచడం వీటి లక్ష్యం. ఆ చెరువు నీరు నేరుగా తాగడానికి కాదు. మూడవ దశ శుద్ధి కూడా చేయవలెనని ఈ జిల్లాలలో ఏళ్ళ తరబడి కోరుతున్నారు. అటువంటి చెరువుల చుట్టుపక్కల బోరులలో సూచక బ్యాక్టీరియా పరీక్ష క్రమం తప్పక జరగడం అవసరం.

సూచిక చెప్పలేనివి

ఏ సాక్షికైనా తెలియని విషయాలుంటాయి. బ్యాక్టీరియా లేదన్నంత మాత్రాన నీటిలో ఫ్లోరైడు లేదని కాదు. ఫ్లోరైడు ఈ జిల్లా బోరు నీటిలో పాత సమస్య. కాచినందువలన క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైన మేరకు దాని సాంద్రత ఇంకా పెరుగుతుంది. దానికి వేరే పరీక్ష, వేరే శుద్ధి కావలెను.

అట్లే కొన్ని వైరస్‌లు, పరాన్నజీవుల గుడ్లవంటి కోశాలు క్లోరిన్‌ను ఇ.కోలై కంటె బాగా తట్టుకుంటాయి. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో క్రిప్టోస్పొరీడియం అనే పరాన్నజీవి వలన సుమారు 4 లక్షల మంది జబ్బుపడినప్పుడు, సరఫరా అయిన నీరు నాటి బ్యాక్టీరియా ప్రమాణాలకు లోబడే ఉన్నది. పైగా ఇ.కోలై మనిషిదా, పశువుదా, నంది కొండ మీది కోతులదా అన్నది మామూలు పరీక్ష చెప్పదు. ఉష్ణదేశాలలో తడిమట్టిలో అది కొంతకాలం పెరుగుతుందని కూడా శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఇవన్నీ పరీక్షను తోసిపుచ్చడానికి కారణాలు కావు. నీటి మూలాన్ని కంటితో చూసి, మలినం ఎటునుండి వస్తున్నదో పరిశీలించడం కూడా పరీక్షలో భాగమని ఇవి తెలుపుతున్నాయి.

ఫలితం చేతికి వచ్చినప్పుడు

సరిహద్దు పల్లెలలో ఇంట తెలుగు, కాగితాలలో కన్నడం. నీటి నివేదిక కన్నడంలో వస్తుంది. "కుడియలు యోగ్యవాగిదె" అని ఉంటే తాగడానికి తగినదని, "కుడియలు యోగ్యవల్ల" అని ఉంటే తగినది కాదని అర్థం. పదం చివరలోనే తేడా ఉన్నది కనుక చదువు వచ్చిన పిల్లలచేత పెద్దలు చదివించుకోవలెను. "యోగ్యవల్ల" అని ఉన్నప్పుడు కారణం బ్యాక్టీరియానా, ఫ్లోరైడా అన్నది తప్పక అడిగి తెలుసుకోవలెను. రెండింటికి చికిత్స ఒకటి కాదు.

బ్యాక్టీరియా అని తేలితే చేయవలసినవి ఇవి:

1. ఆ రోజునుండే తాగే నీటిని బాగా మరిగించి, తెర్లిన తరువాత కనీసం ఒక నిమిషం ఉంచి, అదే పాత్రలో చల్లార్చి మూతపెట్టవలెను. చేయి ముంచకుండా పిడి ఉన్న గరిటతో తీసుకోవలెను.

2. ట్యాంకును ఖాళీచేసి కడిగించి క్లోరిన్ వేయించవలెను. తేట నీటికి, మంచి బ్లీచింగు పొడి అయితే, 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు చాలును. పొడిని బకెట్టులో కలిపి, సున్నం అడుగుకు దిగిన తరువాత పైతేటను మాత్రమే ట్యాంకులో పోయవలెను. పాతబడిన, గాలి తగిలిన పొడికి బలముండదు.

3. అరగంట ఆగి, ఊరి చివరి నల్లిలో మిగులు క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉన్నదా అని నీరుగంటి చూడవలెను. ట్యాంకు దగ్గర ఉండి చివరి ఇంట లేకపోతే, దారిలో పైపు పగిలి మురుగు కలుస్తున్నదేమో వెదకవలెను.

4. మలినం వచ్చే దారిని మూయవలెను. బోరు దిమ్మె, కాలువ దాటే పైపులు, పొంగే మరుగుదొడ్డి గుంతలు మొదట చూడవలసినవి.

5. మళ్ళీ పరీక్ష చేయించి, ఫలితాన్ని గ్రామ పంచాయతి గోడ మీద, వీలైతే రెండు భాషలలోను వ్రాయించవలెను. జిల్లా నీటి పరీక్షా ప్రయోగశాలలలో సాధారణ పౌరులు కూడా స్వల్ప రుసుముతో పరీక్ష చేయించుకోవచ్చును.

ఒకే వీధిలో రెండు మూడు ఇళ్ళలో విరేచనాలు మొదలైతే పరీక్ష ఫలితం కోసం వేచి ఉండరాదు. వెంటనే నీరు కాచి తాగుతూ, ఆశా కార్యకర్తకు, పి.డి.ఓ.కు తెలియజేయవలెను. పసిపిల్లలకు ఓ.ఆర్.ఎస్. ద్రావణం పట్టిస్తూ ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

జాతర ఏర్పాట్ల జాబితాలో పందిళ్ళు, దీపాలు, ప్రసాదం ఉన్నట్లే తాత్కాలిక మరుగుదొడ్లు, క్లోరిన్ వేసిన తాగునీరు, జాతర మరునాటి నీటి పరీక్ష కూడా ఉండవలెను. చిత్రావతికి, పెన్నకు రాష్ట్రాల హద్దు తెలియదు. పై ఊరివారు వదలిన నీరే కింది ఊరి తాగునీరు. కొండ మీద తీసిన నమూనా ఫలితం కొండ కింది పల్లెకు, కర్ణాటకలో తేలిన సంగతి సరిహద్దుకు ఆవలనున్న పల్లెకు అదే వారంలో చేరినప్పుడే ఆ పరీక్షకు ప్రయోజనం కలుగుతుంది.